స్వీయచరిత్ర తరగతిలో "చోడి" కొట్టేసి "రాగి" అని దిద్దవచ్చా?

కోటవీధి, విజయనగరం:
మా నాన్నగారికి డెబ్బై ఆరేళ్లు. ఊళ్లో ఒక రిటైరైన తెలుగు మాస్టారు ఆదివారాలు పెద్దవాళ్లకు తమ జీవితం తాము రాసుకోవడం నేర్పుతున్నారు. తన ఆత్మకథ ఎప్పుడో అచ్చు వేయించుకున్నారు కూడా. ఫీజు లేదు, నోటుపుస్తకం తెచ్చుకుంటే చాలు. నాన్న నలభై పేజీలు రాశారు. మా తాత రంగం వెళ్లి, యుద్ధం రోజుల్లో కాలినడకన తిరిగి వచ్చిన కథంతా అందులో ఉంది. నిన్న తిరగేస్తే పేజీ నిండా ఎర్ర సిరా. "రంగం" రంగూన్ అయింది. "చోడి అంబలి" రాగి జావ అయింది. "బుగత" పోయి భూస్వామి వచ్చి కూర్చున్నాడు. నాన్న పట్టించుకోలేదు, నాకే ఒళ్లు మండింది. ఒకరి జీవితాన్ని ఇంకొకరు ఇలా దిద్దడం న్యాయమేనా?

పాత బెత్తం:
ముప్పై ఏళ్లు జవాబుపత్రాలు దిద్దినవాడిని, ఎర్ర సిరా తరఫున మాట్లాడక తప్పదు. డెబ్బై దాటిన మనిషి చేత నలభై పేజీలు రాయించిన గురువును ముందు ఒక మాట మెచ్చుకోండి. ఇంట్లో మీరెవరూ ఆ పని చేయలేదు కదా. ఇక రంగం సంగతి. మీ పిల్లలు బెంగళూరులో కూర్చుని "ముత్తాత రంగంలోకి వెళ్లాడు" అని చదివితే, యుద్ధంలోకి దిగాడో నాటకంలో వేషం కట్టాడో తెలియక తల గోక్కుంటారు.

నాగావళి గట్టు, శ్రీకాకుళం:
పేజీ అడుగున ఒక్క వాక్యం వివరణ వేస్తే తీరేదానికి మాటనే తీసేయాలా? ఇక్కడి నుంచి ఓడెక్కిన కూలీల నోట రంగూన్ లేదండీ, రంగమే ఉంది. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక అడవులూ కొండలూ దాటి వచ్చినవాళ్లు రంగం నుంచే వచ్చారు. పైగా ఇది గిడుగు రామమూర్తి గారు పుట్టిన జిల్లా. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ అక్కడి కొండల్లోని సవర గిరిజనులకు చదువు చెప్పాలనుకున్నప్పుడు, ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. వాచకాలు ఆ తర్వాతే రాశారు. ఈ మాస్టారేమో చోడి అన్న మాటను కూడా నేర్చుకోలేదు.

పాత బెత్తం:
గిడుగువారిని సగమే చదివినట్టున్నారు. ఆయన పోరాడింది శిష్ట వ్యావహారికం కోసం, అంటే చదువుకున్నవాళ్లు మాట్లాడే భాష కోసం. ఎవరి ఊరి మాట వాళ్లు రాసుకోండి అని ఆయన ఎక్కడా అనలేదు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29 రాగానే ఫొటోకు దండ వేసి, తోచినదంతా ఆయన ఖాతాలో రాసేయడం మనకు అలవాటైపోయింది.

మూడు లాంతర్లు:
ఈ మాట ఒప్పుకోవలసిందే, మాస్టారూ. కానీ గిడుగువారి వాదం వ్యాసాలకూ పాఠ్యపుస్తకాలకూ సంబంధించినది. స్వీయచరిత్ర వేరు. మా విజయనగరం సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ అయిన ఆదిభట్ల నారాయణదాసు గారు తన కథకు "నా యెరుక" అని పేరు పెట్టుకున్నారు. అంత సంస్కృతం వచ్చిన మనిషి కావాలని తెలుగుమాట ఎంచుకున్నారు. దాన్ని ఏ మాస్టారో "నా జ్ఞానము" అని దిద్ది ఉంటే? తలచుకుంటేనే నవ్వు వస్తోంది.

పాత బెత్తం:
దాసుగారికి అన్ని మాటలూ తెలిసి ఒకటి ఏరుకున్నారు. మన పెద్దాయనకు తెలిసిందే ఆ ఒక్కటి. రెండూ ఒకటెలా అవుతాయి?

చంపావతి:
మగవాళ్లు వ్యాకరణం తేల్చుకునేలోపు వంటింటి తప్పు ఒకటి చెబుతాను. జావ అప్పటికప్పుడు కాచుకునేది. అంబలికి చోడి పిండి ముందురోజే కలిపి పులియనివ్వాలి, తర్వాత నూకలు వేసి కాచాలి. ఎర్ర సిరా మాటతో ఆగలేదు, ఆ ఇంట్లో తిన్న తిండినే మార్చేసింది.

ఇంకో సంగతి. ఇలాంటి తరగతికే మరో ఊళ్లో నేనూ మా అత్తగారూ వెళ్లాం. ఆవిడ మొదటి పేజీలో పదకొండు దిద్దుళ్లు పడ్డాయి. ఆవిడ ఆ పుస్తకం మళ్లీ తెరవలేదు. నాకు మాత్రం ఇంకో టీచరమ్మ దొరికారు. ఆవిడ ఏదీ కొట్టేయరు, పక్కన పెన్సిలుతో ప్రశ్న రాస్తారు. మా అమ్మ పోయిన రోజు గురించి నేను రాసిన నాలుగు వాక్యాల పక్కన "ఆ పూట పొయ్యి ఎవరు వెలిగించారు?" అని రాశారు. దానికి జవాబు రాయబోతే తొమ్మిది పేజీలయింది.

నాగావళి గట్టు, శ్రీకాకుళం:
చంపావతి గారూ, నేర్పడమంటే అది. మా కారా మాస్టారు, అంటే కాళీపట్నం రామారావు గారు, బడిలో చెప్పింది లెక్కలు. కథ రాసేవాళ్ల కోసం మాత్రం "కథాకథనం" రాసిపెట్టారు, 1997లో ఇక్కడ తెలుగు కథల కోసమే కథానిలయం అనే గ్రంథాలయం తెరిచారు. అక్కడి పాత పత్రికల్లో ఎవరి కథ ఎలా అచ్చయిందో అలాగే ఉంది.

పాత బెత్తం:
ఆయన సొంతంగా రాసినవి ఎన్ని? "యజ్ఞం" లాంటి కథ రాసిన చెయ్యి తర్వాత ఇతరుల కథలు పోగు చేయడంలోనే అరిగిపోయింది. నేర్పేవాడు పోగొట్టుకునేది ఎవరూ లెక్క కట్టరు. మీ విజయనగరం మాస్టారు కూడా ఆదివారాలు ఇంట్లో కూర్చుని తన రెండో పుస్తకం రాసుకోవచ్చు. అందుకే ఆయన మీద నాకు జాలి.

కోటవీధి, విజయనగరం:
అందరికీ నమస్కారం. నిన్న నాన్నతో కూర్చుని పుస్తకం మొత్తం చూశాను. అంబలి సంగతి చెబితే నవ్వి, చోడి మళ్లీ రాసుకున్నారు. రంగం కూడా వెనక్కి వచ్చింది, అడుగున వివరణతో (బెత్తం గారికి కృతజ్ఞతలు). బుగత దగ్గర మాత్రం నాన్న పెన్ను కదల్లేదు. గుచ్చి గుచ్చి అడిగితే తేలింది: ఆ దిద్దుబాటు మాస్టారిది కాదు. మాస్టారి ఎర్ర పెన్ను అడిగి తీసుకుని నాన్నే కొట్టేశారు. ఆ బుగతగారి అబ్బాయి ఇప్పుడు అదే తరగతిలో నాన్న పక్క కుర్చీలో కూర్చుంటారట. వారం వారం ఒకరిది ఒకరు పైకి చదవాలట.

చంపావతి:
అయితే ఆ అబ్బాయిగారు తన పుస్తకంలో మీ తాతగారిని ఏమని రాశారో అడిగారా?