ఉద్యోగం కోసం గడ్డం తీసేయాలా? గడ్డం ఉన్నవాళ్లు మీ కథ కూడా చెప్పండి

కాజీపేట లోకో
నాకు 41 ఏళ్లు, లోకో పైలట్‌ని. ఇరవై రెండో ఏట గడ్డం మొదలుపెట్టాను. చిన్నప్పుడు ఎసరు ఒలికి గదవ కింద కాలింది. ఆ మచ్చ చూసి బడిలో ఒక పేరు పెట్టారు, అది ఇక్కడ రాయను. గడ్డం వచ్చాక ఆ పేరు పోయింది. లాబీలో సైన్ ఆన్ అయ్యేటప్పుడు, అంటే రైలు డ్యూటీ ఎక్కే ముందు, బ్రెత్ అనలైజర్ ఊదమంటారు తప్ప, నా గడ్డం గురించి ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. డ్యూటీ లేని రోజుల్లో పాత వాల్వు రేడియోలు బాగు చేస్తాను. ఇంట్లో పదకొండు ఉన్నాయి, ఏడు మోగుతాయి.

మన వరంగల్, కరీంనగర్ వైపు గడ్డం ఉన్నవాళ్లు ఏం పని చేస్తున్నారు, గడ్డం ఎందుకు పెంచారు, ఖాళీ ఉంటే ఏం చేస్తారు, చెప్పండి. ఇంకో మాట. దుకాణాల్లో, ఆఫీసుల్లో గడ్డం తీసేయమని అడగడం న్యాయమేనా?

పాత బాయి
గోదావరిఖని నుంచి రాస్తున్నాను. 1986లో బొగ్గు బాయిలో, అంటే గనిలో, కోల్ ఫిల్లర్‌గా చేరాను. తట్టా చెమ్మస్‌తో (బుట్ట, పారతో) బొగ్గు టబ్బులు నింపాను. తర్వాత బాయిలో పని చూసుకునే సర్దార్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాను, లోపల చిక్కుకున్నవాళ్లను తెచ్చే రెస్క్యూ ట్రైనింగ్ కూడా చేశాను. 2021లో రిటైరయ్యాను. రెస్క్యూలో చేరినప్పటి నుంచి ఏ పొద్దూ గడ్డంతో డ్యూటీకి పోలేదు. ఒక్క సకల జనుల సమ్మెలోనే, 2011 సెప్టెంబర్‌లో బాయి బంద్ అయినప్పుడు, నెలకు పైగా పెరిగింది. మళ్లీ మస్టర్ (హాజరు) పడ్డ రోజు పొద్దున్నే తీసేశాను. ఇప్పుడున్నది రిటైరైన తెల్లారి నుంచి పెంచింది. సాయంత్రాలు భజన మండలిలో హార్మోనియం వాయిస్తాను.

న్యాయమా అని అడిగారు. న్యాయమే. రెస్క్యూవాళ్లు ముఖం మొత్తం కప్పే మాస్కు వేసుకుని పోతారు. దాని అంచు చర్మానికి అతుక్కోవాలి, వెంట్రుకలుంటే సందు పడుతుంది. బొగ్గు తనంతట తాను కాగినప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు. లోపలికి పోయిందని తెలిసే లోపే మనిషి కూలిపోతాడు. పని అడిగింది చేయాలి. గడ్డం మళ్లీ వస్తుంది.

చౌరస్తా సెలూన్
హన్మకొండలో షాపు. నాకూ గడ్డం ఉంది. మా బాపు కాలంలో గడ్డం పెంచితే మంగలికి నష్టం అనేవారు. ఇప్పుడు గడ్డం ఉన్నవాళ్లే పది రోజులకోసారి లైన్ సెట్ చేయించుకోవడానికి వస్తున్నారు.

పరకాల పోరడు
26 ఏళ్లు, బీకాం. పద్నాలుగు నెలలు ఒక బట్టల షోరూంలో చీరల సెక్షన్‌లో చేశాను. జీతం 13,500. మంగళవారం సెలవు. ఆ రోజు కెమెరా పట్టుకుని పాత గుళ్లు, బావులు తిరుగుతాను. శివనగర్ మెట్ల బావిని ఒక్క ఏడాదిలో ఎన్నిసార్లు తీశానో లెక్క లేదు. నీళ్లున్నప్పుడు ఒకలా, నీళ్లు దిగి మెట్లు బయటపడ్డప్పుడు ఇంకోలా ఉంటుంది. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు. అందుకే తెల్లారకముందే పోతాను.

నా గడ్డం మూడు వేళ్ల పొడవు ఉండేది. రోజూ దువ్వుకుని, శుభ్రంగా ఉంచుకునేవాణ్ని. ఒక రోజు ఫ్లోర్ మేనేజర్ కౌంటర్ దగ్గరికి వచ్చి, కస్టమర్ల ముందే, "రేపు ఇది తీసేసి రా, లేకుంటే రాకు" అన్నాడు. నేను పోలేదు. న్యాయం కాదు అనే నా మాట.

మంథని మాస్టారు
టీచర్లకు గడ్డం ఉంటే విజ్ఞానం అంటారు, సేల్స్ పిల్లలకు ఉంటే రౌడీ అంటారు. నాకు ముప్పై ఏళ్లుగా గడ్డం ఉంది, ఒక్క తల్లీ తండ్రీ ఏమీ అనలేదు.

పాత బాయి
> నేను పోలేదు

బిడ్డా, పద్నాలుగు నెలల ఉద్యోగం ఒక్క గడ్డం కోసం వదిలేశావు. జీతం ఇచ్చేవాడు ఇట్ల ఉండాలంటే ఉండాలి. నన్ను రెస్క్యూకు తీసుకున్నప్పుడు "నా ముఖం నా ఇష్టం" అని ఉంటే, నా వెనక నడిచే నలుగురు ఎవరిని నమ్ముకుని లోపలికి దిగుతారు?

శ్రీరాంపూర్ మూడో షిఫ్ట్
కాకా, ఒక సవరణ. రెస్క్యూ సెట్టు వేరు, మనం నడుముకు కట్టుకుని దిగే సెల్ఫ్ రెస్క్యూయర్ వేరు. సెల్ఫ్ రెస్క్యూయర్‌లో నోట్లో పళ్లతో పట్టుకునే ముక్క, ముక్కుకు క్లిప్పు ఉంటాయి. దానికి గడ్డం అడ్డం కాదు. మా సెక్షన్‌లో సగం మందికి గడ్డాలున్నాయి. గడ్డం పనికిరాదనేది రెస్క్యూ టీముకే.

పాత బాయి
నేను చెప్పింది రెస్క్యూ గురించే. కానీ సెల్ఫ్ రెస్క్యూయర్‌తోనే అయిపోతుందా? అది బయటికి పరుగెత్తడానికి. లోపల చిక్కుకున్నవాణ్ని తేవాలంటే పూర్తి మాస్కే కావాలి. ఆ రోజు ట్రైనింగ్ ఉన్నవాళ్లలో ఎవరు పోవాల్సి వస్తుందో ముందే తెలుస్తుందా? ఆ పొద్దు గడ్డం గీసుకునే టైము ఉంటుందా? అందుకే రోజూ తీసుకోవాలి.

వార్డు సిస్టర్
నాకు గడ్డం లేదు కానీ ఈ మాస్కు విషయం తెలుసు. 2020లో కోవిడ్ వార్డులో చేశాను. ఎన్95 మాస్కు గడ్డం మీద సరిగా కూర్చోదు, అంచుల్లోంచి గాలి పోతుంది. మా డాక్టర్లలో చాలామంది తీసేశారు. అయితే దారి లేకపోలేదు. సిక్కు డాక్టర్లు గడ్డాన్ని సాగే పల్చటి పట్టీతో చుట్టి, దాని మీద మాస్కు వేసుకునే పద్ధతి తెచ్చారు. సింగ్ థట్టా అంటారు. తీయలేనివాళ్లకు దారి వెతికారు, ఉద్యోగం మానేయమని చెప్పలేదు.

పాత బాయి
సిస్టర్, ఆస్పత్రిలో పట్టీ పని చేయవచ్చు. నాలుగు గంటలు ఆక్సిజన్ సెట్టు వీపు మీద మోస్తూ, చెమటలో, పైకప్పు కిందికి దిగిన చోట పాకుతూ పోయేటప్పుడు ఆ పట్టీ జరిగితే ఎవరు సరిచేస్తారు? నేను వేసుకున్నాను కాబట్టి చెబుతున్నాను.

ఎనుమాముల కాంటా
పత్తి సీజన్‌లో నా గడ్డం నిండా దూది. మా ఆవిడ రోజూ గొడవ. అయినా తీయను.

మండిబజార్ దర్జీ
నాది మతం గడ్డం. పదిహేడేళ్ల నుంచి ఉంది. సొంత కుట్టు షాపు కాబట్టి నన్ను తీయమనేవాళ్లు లేరు. ఖాళీ దొరికితే పావురాలు పెంచుతాను. పెద్దాయన నియమం నియమం అంటున్నారు కాబట్టి ఒక మాట. వైమానిక దళంలో గడ్డం ఉంచుకుంటానని ఒక ముస్లిం ఉద్యోగి సుప్రీంకోర్టు దాకా పోతే, 2016 డిసెంబర్‌లో కోర్టు ఒప్పుకోలేదు. వెంట్రుకలు కత్తిరించడాన్నే మతం నిషేధించినవాళ్లకు మాత్రమే మినహాయింపు అంది. ఆ తీర్పు చదివి బాధపడ్డాను. కానీ అక్కడ నియమం ముందు నుంచీ రాసి ఉంది, దానిలో చేరేవాడికి తెలుసు. నౌకాదళంలో అనుమతి తీసుకుని గడ్డం పెంచుకోవచ్చు. రెండూ సైన్యమే, రెండు చోట్లా క్రమశిక్షణ ఉంది. కాబట్టి గడ్డం ఉంటే క్రమశిక్షణ పోతుందనే మాట నిలబడదు.

మా అక్క కొడుకు ఇంటర్వ్యూకు పోయిన ప్రతిచోటా గడ్డం చూసి ముందు ఇంటి పేరు అడుగుతారు, తర్వాత ఫోన్ రాదు. వాడికి ఏ నియమమూ ఎవరూ చూపించలేదు.

పరకాల పోరడు
మండిబజార్ అన్నా, సరిగ్గా చెప్పావు. నాకు కూడా ఏ కాగితమూ చూపించలేదు. చేరినప్పుడు ఇచ్చిన లెటర్లో యూనిఫాం గురించి, షూస్ గురించి ఉంది. గడ్డం గురించి ఒక్క లైను లేదు.

పాత బాయి
కాగితం మీద లేకుంటే మాట చెల్లదా? బాయిలో చాలా సంగతులు కాగితం మీద ఉండవు. పైవాడు చెబుతాడు, కిందివాడు చేస్తాడు. మాస్కు విషయమే తీసుకో.

పరకాల పోరడు
కాకా, మాస్కు మాస్కు అని నాలుగు సార్లు రాశారు. చీరల దుకాణంలో గ్యాస్ వస్తుందా? నా గడ్డం వల్ల ఎవరి ప్రాణం పోతుంది? మీరు బాయిలో ప్రాణాలు కాపాడారు, నేను దండం పెడతాను. కానీ ఆ పేరు చెప్పి మా మేనేజర్‌ను ఎందుకు వెనకేసుకొస్తున్నారు?

పాత బాయి
వెనకేసుకు రావడం కాదు. ఈ కాలపు పోరగాళ్లకు ఉద్యోగం అంటే లెక్క లేదు. నా కొడుకే ఉన్నాడు. హైదరాబాద్‌లో 22 వేల ఉద్యోగం. గడ్డం తీయమంటే బ్యాగు సర్దుకుని ఇంటికి వచ్చాడు. ఏడు నెలలైంది. పొద్దంతా ఫోను, రాత్రంతా ఫోను. వాడి చదువుకు నా సీఎంపీఎఫ్ (బొగ్గు గని కార్మికుల పీఎఫ్) లోంచి తీశాను. నేను చెమ్మస్ పట్టిన చేతులు ఇప్పటికీ రాత్రిళ్లు తిమ్మిరెక్కుతాయి. ఒక్క బ్లేడు పట్టుకోవడానికి వాడికి ఏం బరువు? నీ రాత చదువుతుంటే వాడి మాటే వినపడుతోంది.

చౌరస్తా సెలూన్
అన్నలూ, కాస్త నెమ్మది.

పరకాల పోరడు
నెమ్మదిగానే చెబుతాను, పూర్తిగా చెబుతాను. నన్ను మీ కొడుకు అనుకుని తిట్టొద్దు.

మా అవ్వకు పోయిన ఎండాకాలం పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ పోయాయి. అవ్వ తనంతట తాను లేచి నడిచేదాకా గడ్డం తీయనని ఐలోని (ఐనవోలు) మల్లన్నకు మొక్కుకున్నాను. మేనేజర్ ఎందుకని అడిగి ఉంటే చెప్పేవాణ్ని. అదే షోరూంలో అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లకు నలభై ఒక్క రోజులు గడ్డం ఉంచుకోనిచ్చారు, చెప్పులు లేకుండా తిరగనిచ్చారు. అది మంచి పని, నాకు దాని మీద కోపం లేదు. నా మెడలో మాల కనపడలేదు కాబట్టి నాది పొగరు అయింది.

ఇంకొకటి. ఓనర్ కొడుకుకు నాకంటే పెద్ద గడ్డం ఉంది. షోరూం క్యాలెండర్ మీద ఆ గడ్డంతోనే నవ్వుతూ నిలబడ్డాడు. ఆ క్యాలెండర్లు కస్టమర్లకు నా చేతులతో పంచాను.

శ్రీరాంపూర్ మూడో షిఫ్ట్
ఇది ముందే రాయాల్సింది తమ్మీ.

పాత బాయి
ఓనర్ కొడుకుకు గడ్డం ఉందా?

మా రెస్క్యూలో పెద్ద ఇంజనీరైనా, ఫిల్లర్ అయినా సెట్టు వేసుకోవాలంటే గడ్డం గీసుకుని రావాల్సిందే. ఒకసారి ఒక ఆఫీసర్ రెండు రోజుల గడ్డంతో ప్రాక్టీసుకు వస్తే, మా ఇన్‌స్ట్రక్టర్ అందరి ముందు ఆయన్ని వెనక్కి పంపాడు. ఆయన పోయి గీసుకుని వచ్చాడు, ఒక్క మాట అనలేదు. నేను నియమం అంటే అట్లాంటిదే అనుకుంటాను. పైవాడికి వద్దు, కిందివాడికి కావాలి అంటే అది నియమం కాదు. ఆ మేనేజర్ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ చేతిలో ఇంకో ఉద్యోగం లేకుండా ఆ ఉద్యోగం వదలడం తప్పే. అవ్వ మందులకు ఎవరు పెడుతున్నారు? అది మాత్రం నేను ఒప్పుకోను.

మండిబజార్ దర్జీ
పెద్దాయనా, ఆకలి అయితే అందరికీ ఉంది. తలవంచిన ప్రతివాణ్నీ చూసి రేపు ఇంకొకణ్ని వంచమంటారు.

పాత బాయి
వంచాను కాబట్టే పిల్లలు చదివారు. అది తక్కువ పని అని ఎవరూ నాకు చెప్పొద్దు.

వార్డు సిస్టర్
తక్కువ అని ఎవరూ అనలేదు కాకా. మీ అబ్బాయి ఎందుకు వచ్చేశాడో అడిగారా?

కాజీపేట లోకో
రెండు రోజులు డ్యూటీలో ఉన్నాను, ఇప్పుడే అన్నీ చదివాను. పరకాల తమ్మీ, మా వీధిలో ఒక ఫొటో ల్యాబ్‌లో మనిషి కావాలంటున్నారు, కెమెరా తెలిసినవాడు. ఆయనకూ గడ్డం ఉంది. నాకు మెసేజ్ పెట్టు.

పాత బాయి
సిస్టర్ అడిగినదానికి. రాత్రి అడిగాను. వాడు చెప్పలేదు. అన్నం పళ్లెం తీసుకుని లోపలికి పోయాడు. మళ్లీ అడుగుతాను.

పరకాల పోరడు
లోకో అన్నా, మెసేజ్ పెట్టాను. కాకా, అవ్వ ఇప్పుడు గోడ పట్టుకుని వాకిలి దాకా వస్తోంది. నన్ను పేరు పెట్టి పిలుస్తోంది. సంక్రాంతి జాతరకు ఐలోనికి తీసుకుపోతాను. అక్కడ తలనీలాలతో పాటు గడ్డం కూడా మల్లన్నకు ఇచ్చేస్తాను. తెల్లారి నుంచి మళ్లీ పెంచుతాను, ఈసారి నా కోసం.

పాత బాయి
పెంచుకో. రెస్క్యూ మాస్కు గురించి నేను చెప్పింది మాత్రం నిజం.