అమెరికా వాణిజ్య ఒప్పందాలకు 2011లో ఓట్లు ఎలా కూడాయి? తెలిసినవారు చెప్పగలరా?

నమస్కారం. నేను రాజనీతిశాస్త్రం పీజీ విద్యార్థిని. దక్షిణ కొరియా, కొలంబియా, పనామాలతో అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలపై వ్యాసం రాస్తూ ఒకచోట చిక్కుకుపోయాను.

కొలంబియా ఒప్పందంపై 2006 నవంబరులో, మిగతా రెండింటిపై 2007 జూన్‌లో సంతకాలయ్యాయి. అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ఆమోదం మాత్రం 2011 అక్టోబరు 12న గానీ రాలేదు. వాణిజ్య ఒప్పందాలను త్వరగా తేల్చేందుకు ఉద్దేశించిన ఫాస్ట్ ట్రాక్ చట్టం ప్రకారం సవరణలు లేకుండా, గడువులోగా ఓటింగ్ జరగాలి కదా! అయినా 2008 ఏప్రిల్‌లో బుష్ కొలంబియా బిల్లు పంపగానే, ప్రతినిధుల సభ ఆ గడువునే పక్కన పెట్టింది. చట్టంలో ఉన్న గడువును ఒక సభ తన తీర్మానంతో ఎలా ఆపగలిగింది? నాకు అసలు అంతుపట్టనిది ఇదే.

రెండో సందేహం. దిగుమతుల వల్ల ఉపాధి పోయిన కార్మికులకు సాయం చేసే పథకాన్ని పొడిగించడం కూడా అదే రోజు నెగ్గింది. సెనేట్‌లో కొరియా ఒప్పందానికి 83 ఓట్లు వచ్చాయి. ప్రతినిధుల సభలో మాత్రం ఒబామా సొంత డెమోక్రాటిక్ పార్టీ సభ్యుల్లో ఎక్కువమంది వ్యతిరేకించారు. కొలంబియాలో కార్మిక నాయకుల హత్యలు వారిని నిజంగా కలచివేశాయని నా నమ్మకం. మరి మద్దతిచ్చిన డెమోక్రాట్లను ఒప్పించింది ఆ సాయం పథకమా, 2010 డిసెంబరులో కొరియాతో కార్ల సుంకాలపై కుదిరిన మార్పులా?

మన దేశంలో 2009 నాటి కొరియా ఒప్పందం పార్లమెంటు ఓటు లేకుండానే అమల్లోకి వచ్చింది. అందుకే ఈ ప్రక్రియ నాకు కొత్త. నాటి అమెరికా కాంగ్రెస్ ప్రసంగాలు ఎక్కడ చదవవచ్చో కూడా దయచేసి చెప్పండి.