అప్‌డేట్: వానలు పడ్డాక బోరు మోటరు ట్రిప్ అవుతున్న సమస్య తీరింది

చండూరు దగ్గర మా బోరు మోటరు ఎండాకాలమంతా బాగా నడిచి, వానలు పడ్డాక ఆన్ చేయగానే లీకేజీ బ్రేకర్ (కరెంటు భూమిలోకి లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పడిపోతోందని అడిగాను కదా. ఇప్పుడు బాగైంది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

‘ముందు మెగ్గర్ పెట్టించండి’ అన్న సలహానే పనికొచ్చింది. మెగ్గర్ అంటే వైరు ఇన్సులేషన్ బాగుందో లేదో కొలిచే మీటరు. మెకానిక్ మెయిన్ తీసేసి, స్టార్టర్ దగ్గర కేబుల్ విప్పి, 500 వోల్టుల మెగ్గర్‌తో వైరుకీ ఎర్త్‌కీ మధ్య చూశాడు. ముల్లు సున్నా మీంచి కదల్లేదు, అంటే కరెంటు ఎర్త్‌కి లీకవుతోందన్నమాట. కనీసం 1 మెగోమ్ (పది లక్షల ఓమ్‌లు) ఉండాలట. మోటరు పైకి తీస్తే వైండింగ్ బాగానే ఉంది. దోషమంతా కేబుల్ మధ్యలోని పాత జాయింట్‌ది. బోరు లోతు చేయించి మోటరు ఇంకా కిందికి దించినప్పుడు వేసిన అతుకు అది. టేపు విప్పితే లోపల రాగి పచ్చబడి ఉంది, జిగురు చీమిడిలా సాగుతోంది.

ఎండాకాలం నీళ్లు ఆ జాయింట్‌కు కిందే ఉండేవి. వానలకు ఊట పెరిగి అది మునిగింది. శుద్ధమైన నీళ్లు కరెంటును పెద్దగా పోనివ్వవు, కరిగిన లవణాలే పోనిస్తాయి. మన నల్లగొండ బోరు నీళ్ల సంగతి వేరే చెప్పాలా!

రబ్బరు టేపు సాగదీసి చుట్టి, పైన పీవీసీ టేపు వేశారు. దించే ముందు అతుకును బకెట్ నీళ్లలో నానబెట్టి మళ్లీ మెగ్గర్ చూడమని పట్టుబట్టండి, చాలామంది అది ఎగ్గొడతారు.

కొందరు అనుమానించిన వోల్టేజీకి, స్టార్టర్ రిలేకి దీంతో సంబంధం లేదు. బ్రేకర్ తీసేసి డైరెక్టుగా ఇవ్వమన్న సలహా మాత్రం ఎవరూ పాటించకండి. తడి పైపు ముట్టుకుంటే ప్రాణమే పోవచ్చు.