జాజ్ ఆడిషన్‌కి ఏ ట్యూన్లు తీసుకోవాలి? (ఆల్టో శాక్సఫోన్)

కావలి ఆల్టో:

అందరికీ నమస్కారం. మాది కావలి. మా నాయనకి బ్యాండు సెట్టు ఉంది. పదో తరగతి నుంచి నేను అందులో ఆల్టో ఊదుతున్నా. పెళ్లి ఊరేగింపులు, వినాయక నిమజ్జనాలు, తిరునాళ్లు అన్నీ అయ్యాయి. పాట రెండుసార్లు వింటే ఊదేస్తా. నోట్స్ చదవడం మాత్రం ఈ మధ్యే యూట్యూబ్ చూసి నేర్చుకున్నా.

చెన్నైలో ఒక మ్యూజిక్ స్కూల్లో జాజ్ కోర్సుకి అప్లై చేశా. శ్రావణం మొదట్లో ఆడిషన్. ఆషాఢంలో మాకు ముహూర్తాలు ఉండవు కాబట్టి ప్రాక్టీసుకి బాగానే టైం దొరుకుతుంది. మూడు ట్యూన్లు తెచ్చుకోమన్నారు: ఒక బ్లూస్, స్వింగ్‌లో ఒక మీడియం టెంపో స్టాండర్డ్ (జాజ్ వాళ్లందరికీ తెలిసిన ట్యూన్), ఒక బ్యాలడ్ (నెమ్మదిగా సాగే ట్యూన్). మూడింటిలోనూ సోలో అప్పటికప్పుడు అల్లాలి. పియానో, బేస్, డ్రమ్స్ వాళ్లే ఏర్పాటు చేస్తారు. ఆ తర్వాత సైట్ రీడింగ్ (ముందు చూడని నోట్స్ అప్పటికప్పుడు చదివి ఊదడం) ఉంటుంది.

స్టాండర్డ్‌కి శాక్స్ వాయించే జాన్ కాల్‌ట్రేన్ జాయంట్ స్టెప్స్ అనుకున్నా. కష్టమైనది వాయిస్తే విలువ ఎక్కువ ఉంటుంది కదా. కాల్‌ట్రేన్ సోలో మొత్తం బట్టీ పడుతున్నా, సగం వచ్చింది. అది కుదరకపోతే టేక్ ఫైవ్. బ్లూస్‌లో ఏది మంచిదో తెలియట్లేదు. బ్యాలడ్ బదులు సినిమా మెలొడీ ఒకటి ఊదొచ్చా? అది నాకు కళ్లు మూసుకున్నా వచ్చు. తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

పొగతోట గిటార్:

జాయంట్ స్టెప్స్ జోలికి పోవద్దు బ్రదర్. బ్లూ బాసా తీసుకో. 16 బార్లే (బార్ అంటే తాళం ఒక ఆవర్తం), కాన్సర్ట్ (అంటే పియానో మీద) సి మైనర్, అంటే నీ ఆల్టో మీద ఏ మైనర్. మధ్యలో నాలుగు బార్లు డి ఫ్లాట్ మేజర్‌కి పోతుంది, నీకది బి ఫ్లాట్. ఆ మలుపు ఒక్కటి శుభ్రంగా తిప్పావంటే చాలు. నేను కాలేజీ బ్యాండులో చేరేటప్పుడు అదే వాయించా.

ఒంగోలు అక్క:

తమ్ముడూ, మాది ఒంగోలు. చర్చిలో కీబోర్డు దగ్గర మొదలై ఇప్పుడు చెన్నైలో పియానోతో బతుకుతున్నా. ఆడిషన్లకి వచ్చే పిల్లల వెనక పియానో వాయించే పని కూడా చేస్తుంటాను. మార్కులు వేసేది నేను కాదు. కానీ వేసేవాళ్ల పక్కనే కూర్చుంటాను కాబట్టి, వాళ్లు ఎక్కడ తలెత్తి చూస్తారో, ఎక్కడ ఫోన్ తీస్తారో నాకు కనబడుతుంది.

ముందు జాయంట్ స్టెప్స్ సంగతి. 1959లో కాల్‌ట్రేన్ దాన్ని రికార్డు చేసినప్పుడు పియానో దగ్గర ఉన్నది టామీ ఫ్లానగన్. అంతటివాడు తన సోలోలో తడబడటం ఆ రికార్డులో ఇప్పటికీ వినబడుతుంది. బి, జి, ఈ ఫ్లాట్ అని మూడు కీల మధ్య పరుగు, చాలాచోట్ల రెండు బీట్లకే కార్డ్ (కలిపి పలికే స్వరాల గుంపు) మారిపోతుంది. నువ్వు బట్టీ పట్టిన సోలో ఊదుతుంటే వెనక మేం ఏం వాయించినా నీకు పట్టదు. నేను రిథమ్ కొంచెం మారుస్తాను, డ్రమ్మర్ సౌండ్ తగ్గిస్తాడు, నువ్వు మాత్రం నీ దారిన పోతూనే ఉంటావు. ఎదురుగా కూర్చున్నవాళ్లకి అది రెండో కోరస్ (ట్యూన్ మొత్తం ఒక చుట్టు) దాకా కూడా ఆగక్కర్లేకుండా తెలిసిపోతుంది. ఇంట్లో సాధనకి ఉంచుకో. అక్కడికి తేవద్దు.

టేక్ ఫైవ్ మంచి ట్యూన్. రాసిన పాల్ డెస్మండ్ కూడా ఆల్టో ఆయనే. దాని ఐదు బీట్ల తాళమంటే నువ్వు భయపడవని కూడా తెలుసు. కానీ సోలో అంతా రెండు కార్డ్‌ల మీదే తిరుగుతుంది. వాళ్లు స్టాండర్డ్ అడిగేదే కార్డ్‌లు మారుతుంటే నువ్వేం చేస్తావో చూడటానికి. పైగా స్వింగ్ అన్నారు. అందుకే బ్లూ బాసా కూడా ఇక్కడ పనికిరాదు, అది బాసా నోవా అనే బ్రెజిల్ నడక, స్వింగ్ కాదు. ఇంకోటి వాయించమంటే పనికొస్తుంది, నేర్చుకుని పక్కన పెట్టుకో.

నన్నడిగితే ఆటమ్ లీవ్స్. అందరూ అదే వాయిస్తారని ముఖం తిప్పుకునేవాళ్లు ఉంటారు. వాయించనీ. నాకూ, బేస్ అతనికీ, డ్రమ్మర్‌కీ అది నిద్రలో లేపినా వచ్చు, కాబట్టి మా దృష్టంతా నీ మీదే ఉంటుంది. నువ్వు ఏ మాట ఎత్తుకున్నా వెంటనే అందుకుంటాం. 1958లో క్యానన్‌బాల్ ఆడర్లీ సమ్‌థిన్ ఎల్స్ ఆల్బమ్‌లో వాయించినది విను. ఆయన ఊదేదీ నీలాగే ఆల్టో, ట్రంపెట్ మైల్స్ డేవిస్.

ఇక ఎలా నేర్చుకోవాలో కొంచెం వివరంగా చెబుతా, ఇక్కడే చాలామంది పిల్లలు తొందరపడతారు. కాన్సర్ట్ జి మైనర్ అంటే నీకు ఈ మైనర్. మొదటి ఎనిమిది బార్లలో నీ కార్డ్‌లు వరసగా ఏ మైనర్ సెవెన్, డి సెవెన్, జి మేజర్ సెవెన్, సి మేజర్ సెవెన్, తర్వాత ఎఫ్ షార్ప్ హాఫ్ డిమినిష్డ్, బి సెవెన్, ఈ మైనర్. ముందు శాక్స్ పెట్టెలోనే ఉండనీ. ట్యూన్ పాడు. అది వచ్చాక బేస్ స్వరాలు మాత్రమే పాడు: ఏ, డి, జి, సి. ఆ తర్వాత శాక్స్ తీసి ఒక్కో కార్డ్‌లో మూడో స్వరం, ఏడో స్వరం మాత్రమే నిలిపి ఊదు. ఏ మైనర్ సెవెన్‌లో అవి సి, జి. డి సెవెన్‌కి వచ్చేసరికి జి అర మెట్టు దిగి ఎఫ్ షార్ప్ అవుతుంది, సి కదలదు. జి మేజర్‌కి వచ్చేసరికి ఎఫ్ షార్ప్ అక్కడే ఉంటుంది, ఈసారి సి దిగి బి అవుతుంది. ఇలా ఒకటి ఆగుతూ ఒకటి దిగుతూ పోతాయి. ఇది నీ చెవికి పట్టిందంటే పియానో లేకుండా నువ్వొక్కడివే ఊదినా కార్డ్‌లు వినబడతాయి. స్కేళ్లు గబగబా పైకీ కిందకీ ఊదేకన్నా ఇదే ప్యానెల్ వాళ్లని కూర్చోబెడుతుంది.

బ్లూస్‌కి చార్లీ పార్కర్ నౌ ఈజ్ ద టైమ్, 1945 నాటిది. కాన్సర్ట్ ఎఫ్, నీకు డి. ఐదో బార్‌లో జి సెవెన్‌కి దిగేటప్పుడు ఎఫ్ షార్ప్‌ని ఎఫ్ చెయ్యి. ఆ ఒక్క స్వరం సరిగ్గా ఆ బార్ మొదట్లో పడితే చాలు, ఇతనికి ఫారం (ట్యూన్ నడిచే వరస) తెలుసు అని అర్థమైపోతుంది. ఇది కష్టమనిపిస్తే డ్యూక్ ఎల్లింగ్టన్ సి జామ్ బ్లూస్ ఉంది. ట్యూన్ మొత్తం రెండే స్వరాలు, నీ ఆల్టో మీద ఈ, ఏ. సులువని చిన్నచూపు చూడరు.

సినిమా పాట గురించి: బ్యాలడ్ అడిగినచోట అది పెట్టకు. ఆ పాట కార్డ్‌లు అక్కడి ముగ్గురికీ తెలియకపోతే మేం నీ వెనక తడుముకుంటూ ఉంటాం, నీకే నష్టం. చివర్లో నీ ఇష్టమైనది వాయించు అంటే అప్పుడు తియ్యి. బ్యాలడ్‌కి మిస్టీ చూడు. ఎరల్ గార్నర్ 1954లో చేసింది. కాన్సర్ట్ ఈ ఫ్లాట్, నీకు హాయిగా సి.

కీ చెప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఒక అబ్బాయి వచ్చి ఆటమ్ లీవ్స్ ఈ మైనర్ అన్నాడు. కొన్ని పుస్తకాల్లో ఆ ట్యూన్ కాన్సర్ట్ ఈ మైనర్‌లోనే ఉంటుంది కాబట్టి నాకు అనుమానం రాలేదు, ఈ మైనర్‌లోనే ఎత్తుకున్నా. అతను ఊదింది ఆల్టో ఈ మైనర్, అంటే నా పియానో మీద జి మైనర్. మొదటి స్వరానికే డ్రమ్మర్ తల దించుకుని నవ్వుకుంటున్నాడు. మళ్లీ మొదలుపెట్టాం గానీ ఆ పిల్లవాడు ఇక తేరుకోలేదు. ఎప్పుడూ కాన్సర్ట్ జి మైనర్ అనే చెప్పు. మా ముగ్గురికీ కాన్సర్ట్ కీలో షీట్లు తీసుకురా, నీది విడిగా పెట్టుకో.

కావలి ఆల్టో:

అక్కా, చాలా థ్యాంక్స్. జాయంట్ స్టెప్స్ పక్కన పెట్టేశా. మిస్టీ విని నేర్చుకోవడం మొదలుపెట్టా. మా నాయన విని, "పెళ్లిలో ఇది ఊదితే ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి అడుగుతార్రా" అన్నాడు. రెండు డౌట్లు. స్వింగ్ నాకు సరిగ్గా పడట్లేదు, ఊదింది రికార్డు చేసుకుని వింటే మార్చింగ్ పాటలా ఉంది. రెండోది, స్వరం మీదికి జారుతూ పోవడం, గమకం ఇవ్వడం నాకు అలవాటు. జాజ్‌లో అది తప్పా?

దర్గామిట్ట డ్రమ్స్:

స్వింగ్ సంగతి నేను చెబుతా. ఒక బీట్‌ని తకిట అనుకో. "తకి" రెండూ కలిపి మొదటి స్వరం, "ట" రెండో స్వరం. నెమ్మదిగా ఉన్నప్పుడు ఈ పొడవు పొట్టి తేడా బాగా తెలుస్తుంది, స్పీడు పెరిగేకొద్దీ రెండూ దాదాపు సమానం అయిపోతాయి. ఫాస్ట్ ట్యూన్‌లో కూడా తకిట అని గట్టిగా పట్టుకుంటే గుర్రం దౌడు తీసినట్టు ఉంటుంది, అది చేయొద్దు.

నీ అసలు ఇబ్బంది ఇంకొకటి అనుకుంటా. ఊరేగింపులో పెద్ద డోలు దెబ్బ ఒకటి మీద పడుతుంది, నీ కాలు కూడా దాంతోనే పడుతుంది. ఇక్కడ డ్రమ్స్‌లో హై హ్యాట్ (కాలితో మూసే జంట తాళాలు) 2, 4 మీద మూసుకుంటుంది. మెట్రోనోమ్ 60లో పెట్టి, ఆ టిక్కులే 2, 4 అనుకుని మధ్యలో 1, 3 నువ్వు లెక్కపెట్టుకో. అప్పుడు నీ టెంపో 120 అవుతుంది, ఆటమ్ లీవ్స్‌కి సరిపోతుంది. మొదట్లో టిక్కు తిరగబడి 1, 3 అయిపోతుంది. ఆగి మళ్లీ పట్టుకో.

కౌంట్ ఇచ్చేది నువ్వే అని గుర్తుంచుకో. ట్యూన్ మొదటి లైను మనసులో పాడుకుని, ఆ స్పీడుకే వన్, టూ, వన్ టూ త్రీ ఫోర్ అను. టెన్షన్‌లో నోటికొచ్చిన స్పీడుకి కౌంట్ ఇచ్చేస్తే తర్వాత మేం తగ్గించలేం.

పొగతోట గిటార్:

నీ పోస్టులో స్వింగ్ అని ఉన్నమాట నేను చూసుకోలేదు, అక్క చెప్పిందే చెయ్యి. బ్లూ బాసా మాత్రం వదలకు.

ఒంగోలు అక్క:

గమకం తప్పేం కాదు. ఎల్లింగ్టన్ బ్యాండులో జానీ హాడ్జెస్ అని ఆల్టో ఆయన ఉండేవాడు. బ్యాలడ్‌లో ఆయన కింద నుంచి స్వరంలోకి ఎంత నింపాదిగా జారతాడో విను, మీ నాయనకి కూడా వినిపించు. మనవాళ్లలో కద్రి గోపాల్‌నాథ్ గారు ఆల్టో మీద కర్ణాటక సంగీతమే పలికించారు. 2008లో జాజ్ ఆల్టో వాయించే రుద్రేశ్ మహంతప్పతో కలిసి కిన్స్‌మెన్ అని జాజ్ ఆల్బమ్ కూడా చేశారు. కాకపోతే ప్రతి స్వరానికీ గమకం పెడితే ట్యూన్ ఏదో తెలియకుండా పోతుంది. మిస్టీ మొదటిసారి రాసినట్టే సాదాగా ఊదు. సోలో అయ్యి మళ్లీ ట్యూన్‌కి వచ్చినప్పుడు, పొడుగ్గా నిలిచే స్వరాల దగ్గర నీ జారుడు చూపించు.

నాకు ఎక్కువ బెంగ నీ సౌండ్ గురించి. జనరేటర్ మోతని, డప్పులని దాటి వినబడేలా ఊదే అలవాటు నీది. అక్కడ చిన్న గది, మైకు ఉండదు. సగం గాలితో కూడా స్వరం నిలబడేలా రోజూ పొడుగు స్వరాలు సాధన చెయ్యి. ఏసీ గదిలో శాక్స్ చల్లబడి శ్రుతి దిగుతుంది. లోపలికి రాగానే కాసేపు గాలి ఊది వేడి చేసుకుని, అప్పుడు పియానోతో శ్రుతి చూసుకో. ఇంకోమాట, ప్రాక్టీసుకి ప్రశాంతంగా ఉంటుందని తుమ్మలపెంట బీచ్‌కి తీసుకుపోయేవు, ఉప్పుగాలికి రాడ్లు తుప్పు పడతాయి.

ప్రతి ట్యూన్‌కీ ముగింపు ముందే అనుకో. ఆటమ్ లీవ్స్‌లో చివరి నాలుగు బార్లు మూడుసార్లు వాయించి ఆపుదాం అని మాకు ముందే చెబితే సరిపోతుంది. బ్లూస్‌లో ట్యూన్ రెండుసార్లు, సోలో మూడు నాలుగు కోరస్‌లు, మళ్లీ ట్యూన్ రెండుసార్లు. సోలో ఇంకా పొడిగించకు, వాళ్లే ఆపమంటారు. మిస్టీకి ఒక్క కోరస్ ట్యూన్, సగం కోరస్ సోలో, బ్రిడ్జ్ (ట్యూన్ మధ్య భాగం) నుంచి మళ్లీ ట్యూన్.

సైట్ రీడింగ్‌కి రోజూ చూడని ఎనిమిది బార్లు తీసి, మెట్రోనోమ్ పెట్టుకుని, తప్పు వచ్చినా ఆగకుండా చివరిదాకా పో. తప్పుకి వెనక్కి వెళ్లేవాళ్లకే మార్కులు ఎక్కువ పోతాయి. ముందురోజు పినాకిని రైలుకి వచ్చి రాత్రి బాగా నిద్రపో, ఆడిషన్ రోజు ప్రయాణం పెట్టుకోకు. షీట్లు రాయడం అయ్యాక ఇక్కడ ఫోటో పెట్టు, కార్డ్‌లు సరిచూస్తా.