అప్‌డేట్: పిక్సార్–డిస్నీ ‘ఐదు సినిమాల’ లెక్క తేలింది

పోయిన వారం నేనడిగిన ప్రశ్న ఇది: 1997లో యానిమేషన్ స్టూడియో పిక్సార్, తన సినిమాలు పంపిణీ చేసే డిస్నీతో ఐదు సినిమాలకు ఒప్పందం చేసుకుంది కదా, మరి 1999లో వచ్చిన ‘టాయ్ స్టోరీ 2’ని అందులో ఎందుకు కలపలేదు? ఎంబీయే ప్రెజెంటేషన్‌లో ఆ ఒక్క స్లైడ్ దగ్గరే రెండు రోజులు ఆగిపోయాను.

జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. "వ్యాసాలు పక్కన పెట్టి, పిక్సార్ అప్పట్లో షేర్‌హోల్డర్ల కోసం ఇచ్చిన వార్షిక నివేదికలు చదువు" అన్న సలహానే పనిచేసింది. ఐదూ కొత్త కథలై ఉండాలట, సీక్వెల్ తీస్తే లెక్కలోకి రాదు. అంతే! ఇంకోటి, ఖర్చూ లాభమూ చెరిసగం అని అందరూ రాస్తారు గానీ, డిస్నీ తన పంపిణీ ఫీజు ముందే తీసేసుకున్నాక మిగిలినదాంట్లోనే ఆ సగం. నా స్లైడ్‌లో అసలు తప్పు అక్కడుంది.

చాలామంది చెప్పిన, అప్పటి పిక్సార్ అధిపతి స్టీవ్ జాబ్స్, డిస్నీ అధిపతి మైఖేల్ ఐస్నర్‌ల గొడవకి దీంతో సంబంధం లేదు. అది తర్వాతి కథ: 2004 జనవరిలో చర్చలు తెగిపోయాయి, 2006లో డిస్నీ దాదాపు 740 కోట్ల డాలర్ల విలువైన షేర్లిచ్చి పిక్సార్‌నే కొనేసింది.

ఇంత టెన్షన్ పడితే, ప్రొఫెసర్ ఆ స్లైడ్ మీద ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.