సూపర్‌విజన్ గంటలోకి ఏం తీసుకెళ్లాలి?

ప్రశ్న (నల్లగొండ నుంచి)

నమస్కారం. నేను క్లినికల్ సైకాలజీ శిక్షణలో రెండో ఏడాదిలో ఉన్నాను. వారానికి ఒక గంట సూపర్‌విజన్‌కు, అంటే నా కేసులను పర్యవేక్షించే సూపర్‌వైజర్ గారితో చర్చకు, కూర్చుంటున్నా, ఆ గంట నాకు సరిగా ఉపయోగపడడం లేదన్న బాధ కొన్ని నెలలుగా ఉన్నది. నాలుగైదు కేసులు పట్టుకొని వెళ్తాను. ఒక్కొక్కరి చరిత్ర, మందులు, కుటుంబ వివరాలు చెప్పేసరికే నలభై నిమిషాలు గడిచిపోతాయి, చివరికి "బాగానే చేస్తున్నారు, ఇలాగే కొనసాగించండి" అన్న మాటతో బయటికి వస్తాను.

పోయిన వారం ఒక తల్లి వచ్చింది. కొడుకు పనికోసం దూరదేశం పోయాడు. "కొడుకు రంది పట్టుకున్నది బిడ్డా" (రంది అంటే మనవైపు బెంగ, దిగులు) అని, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ చాలాసేపు ఊరుకున్నది. ఆ మౌనాన్ని ఓర్చుకోలేక నేను శ్వాస వ్యాయామం నేర్పడం మొదలుపెట్టాను. ఆమె నా మాట కాదనలేక చేసింది గానీ, వెళ్లేటప్పుడు నా ముఖం చూడలేదు. నోట్సులో "ఆందోళన, శ్వాస వ్యాయామం నేర్పాను" అని రాసుకున్నాను. ఇది సూపర్‌వైజర్ గారికి చెప్పలేదు, ఎందుకంటే నా లాగ్‌బుక్ మీద సంతకం పెట్టేదీ, మార్కులు వేసేదీ ఆయనే. పెద్దలు దారి చూపగలరు.

జవాబు 1 (మహబూబ్‌నగర్ నుంచి)

అమ్మా, మీరు చెప్పకుండా దాచుకున్న ఆ తల్లి మౌనం, మీ శ్వాస వ్యాయామం, ఆ కొద్ది నిమిషాలే ఈ వారం సూపర్‌విజన్‌కు తీసుకెళ్లవలసినవి. మిగతా నాలుగు కేసులను ఒక్కో వాక్యంలో ముగించండి. ఆత్మహత్య ఆలోచనలు గానీ, పిల్లల మీద హింస గానీ ఉన్న కేసుంటే మాత్రం దాన్నే మొదట చెప్పండి.

ఇంకో మాట. "రంది"ని మీరు "ఆందోళన" అని రాసుకున్నారు. పాలమూరులో వలస కుటుంబాలతో ఏళ్లుగా పనిచేస్తున్న నాకు తెలిసినంతలో, రంది అన్న మాటలో ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు: కొడుకు రంది, మొగని రంది, ఇంటివాళ్ల రంది. ఆందోళన అని రాయగానే ఆ కొడుకు కాగితం మీద నుంచి మాయమయ్యాడు, మిగిలింది శ్వాస ఒక్కటే. అందుకే ఆమె అన్న మాటను అన్నట్టే, ఆమె యాసలోనే రాసుకొని వెళ్లి చదవండి.

మనోవిశ్లేషకుడు హెరాల్డ్ సెర్ల్స్ 1955లోనే గమనించిన విషయం ఒకటుంది: చికిత్స గదిలో జరిగినది సూపర్‌విజన్ గదిలో మళ్లీ నీడలా కనబడుతుంది. ఆమె మౌనాన్ని మీరు వ్యాయామంతో నింపారు. సూపర్‌విజన్ గంటను కేసు చరిత్రలతో నింపుతున్నారు. రెండుచోట్లా మీకు దేని భయమో సూపర్‌వైజర్ గారితో కలిసి చూడండి.

జవాబు 2

మార్కుల భయం నిజమైనదే, దాన్ని తక్కువ చేయను. నేను శిక్షణలో ఉన్నప్పుడు ఆ భయాన్నే ముందు చెప్పాను: "సార్, నా తప్పు చెబితే మూల్యాంకనంలో పడుతుందేమోనని వెనకాడుతున్నాను." దేన్ని లెక్కలోకి తీసుకుంటారో, దేన్ని నేర్చుకోవడానికే వదిలేస్తారో ఆయన అప్పుడే స్పష్టం చేశారు. అందరు సూపర్‌వైజర్లూ అలా ఉండరు. అలాంటప్పుడు మీ బ్యాచ్‌లో ఇద్దరు ముగ్గురు కలిసి వారానికోసారి కూర్చోవడం కొంత ఆసరా అవుతుంది గానీ, సూపర్‌విజన్‌కు బదులు కాదు.

వీలైతే రాతపూర్వక సమ్మతి తీసుకొని సెషన్‌ను రికార్డు చేయండి, అందులో ఐదు నిమిషాలే వినిపించండి. మన జ్ఞాపకం మనల్ని కాపాడేలా కథ చెబుతుంది, రికార్డు అలా చెప్పదు. అందులో ఆ తల్లి మళ్లీ మౌనంగా ఉంటే, ఎన్ని సెకన్లో లెక్కపెట్టండి. మీకు చాలాసేపు అనిపించినది ఇరవై సెకన్లే కావచ్చు.

జవాబు 3

మీ ప్రశ్న తొలి రూపంలో ఊరి పేరు ఉన్నది, తీసేశారు, మంచిదైంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ గోప్యతను రోగి హక్కుగా చెబుతున్నది. మన జిల్లాల్లో ఊరు, కులం, కొడుకు ఏ దేశం పోయాడన్నది చాలు, మనిషిని పోల్చుకోవడానికి. బ్యాచ్ చర్చల్లోనూ ఇంతే జాగ్రత్త అవసరం.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. గురువారం ఆ ఒక్క సంగతే తీసుకెళ్తున్నాను. నోట్సులో "ఆందోళన" కొట్టేసి, "కొడుకు రంది పట్టుకున్నది బిడ్డా" అని రాసుకున్నాను. వచ్చే సెషన్‌లో ఆ కొడుకు పేరేమిటని అడగబోతున్నాను. ఇప్పటిదాకా అడగలేదని ఇప్పుడే గుర్తొచ్చింది.