ఒకే జాడీలో పులిసిన కొంబుచా సీసాకొక రుచిగా ఎందుకు వస్తోంది?

తార్నాక నుంచి:
పంచదార కలిపిన టీ డికాక్షన్‌ను పులియబెట్టి చేసిన కొంబుచా సీసాలను సాయంత్రం నుంచి ఒక్కొక్కటీ తెరిచి రుచి చూస్తున్నాను, కారణం మాత్రం అంతుపట్టడం లేదు. డికాక్షన్, పంచదార, జాడీ అన్నిటికీ ఒకటే. అయినా ఒక సీసా మూత తీయగానే నురగ పొంగి సగం నేలపాలైంది, ఇంకొకటి గాలి పోయిన పానకంలా తియ్యగా ఉంది, మరొకటి గుటక వేయలేనంత పుల్లగా ఉంది. అన్నిటిలోనూ అల్లమే వేశాను, శుభ్రతలో లోటు చేయలేదు. దయచేసి ఎవరైనా చెప్పండి.

మల్కాజ్‌గిరి నుంచి:
జాడీ అన్నారు, అది గాజుదా, పచ్చళ్ళు పెట్టే పింగాణీదా? కొంబుచా పూర్తిగా పులిసేసరికి దాని పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3 దరిదాపులకు దిగుతుంది. కొన్ని పాత పింగాణీ పాత్రల పూతలో సీసం ఉంటుంది. అంతటి పులుపు రోజుల తరబడి తగిలితే అది ద్రవంలోకి దిగుతుంది, చూసి గానీ వాసన పట్టి గానీ తెలుసుకోలేము. జాడీకి కుళాయి ఉండి, అది ఇత్తడిదైతే అదీ ప్రమాదమే. ఆవకాయ జాడీ దేనికైనా పనికొస్తుందన్న నమ్మకం ఇక్కడ చెల్లదు.

కూకట్‌పల్లి నుంచి:
దోషం జాడీదైతే అన్ని సీసాలూ ఒకేలా చెడాలి. ఏ వరుసలో నింపారో చెప్పండి.

తార్నాక నుంచి:
గాజు జాడీయే, అడుగున ప్లాస్టిక్ కుళాయి ఉంది. దాన్ని తిప్పి వరుసగా నింపాను. పొంగినవి మొదట నింపినవి, బాగా పుల్లనిది చివరిది. అల్లం తురుమును చెంచాతో సీసాల్లో వేశాను. చోటు చాలక కొన్నిటిని వంటింటి గట్టు మీద, మధ్యలో నింపినవాటిని ఏసీ గదిలో ఉంచాను. పైనున్న పుట్టగొడుగు తెల్లగా, బాగానే ఉంది.

మెహదీపట్నం నుంచి:
అది పుట్టగొడుగు కాదండి, బాక్టీరియా అల్లిన సెల్యులోజ్ పొర.

మల్కాజ్‌గిరి నుంచి:
వాడుకలో చాలామంది అలాగే అంటున్నారు, అర్థమైతే చాలు.

మెహదీపట్నం నుంచి:
చాలదు. పుట్టగొడుగు అనుకున్నవారు దానిపై నిజంగా బూజు పట్టినా సహజమేనని తాగేస్తారు.

సైనిక్‌పురి నుంచి:
నింపిన వరుస చెప్పడంతో విషయం తేలింది. గాలి బుడగలను పుట్టించే ఈస్ట్ చాలావరకు జాడీ అడుగుకు చేరుతుంది, పులుపునిచ్చే బాక్టీరియాకు గాలి కావాలి గనుక అది పైపొర దగ్గరే ఎక్కువగా పనిచేస్తుంది. మీ కుళాయి అడుగున ఉంది కాబట్టి మొదటి సీసాల్లోకి ఈస్ట్ మడ్డి, చివరి సీసాలోకి పైనున్న పుల్లని ద్రవం చేరాయి. మధ్యలో నింపినవాటికి ఈస్ట్ తక్కువ, పైగా ఏసీ చల్లదనంలో ఆ కాస్తా మందగించింది. అల్లం తురుములోనూ సహజంగా ఈస్ట్ ఉంటుంది గనుక చెంచా కొలతలో తేడా దీనికి తోడైంది. ఈసారి పొరను తీసి, వచ్చే విడతకు తోడుగా పదోవంతుకు తగ్గకుండా పైద్రవాన్ని ముందే పక్కన పెట్టుకోండి, ఎందుకంటే కలిపాక తీస్తే అందులో ఈస్ట్ వాటా పెరిగిపోతుంది. మిగిలినదాన్ని స్టీలు గిన్నెలోకి వంచి, వడకట్టిన అల్లం రసాన్ని మొత్తానికీ ఒకేసారి కలిపి, సీసా సీసాకూ మధ్య గరిటెతో తిప్పుతూ నింపండి. సీసాలన్నీ ఒకే గదిలో ఉండాలి. మేలో మన ఊళ్ళో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు వంటింట్లో మూత బిగించిన గాజు సీసా లోపలి గ్యాస్ ఒత్తిడికి పగిలి చేతులకు గుచ్చుకోవచ్చు. ఒక ప్లాస్టిక్ సీసా కూడా నింపి, అది నొక్కితే గట్టిగా తగలగానే అన్నిటినీ ఫ్రిజ్‌లోకి మార్చండి.

కూకట్‌పల్లి నుంచి:
పొంగిన సీసాలకు జోడీవి మిగిలి ఉంటే ముందు చల్లబరచి, సింకులో పెట్టి తెరవండి.

మల్కాజ్‌గిరి నుంచి:
ఆ ప్లాస్టిక్ కుళాయి ఆహారానికి తగినదో కాదో ఇంకా చెప్పలేదు.

తార్నాక నుంచి:
మిగిలినవి ఫ్రిజ్‌లో పెట్టాను. ఈసారి గిన్నెలో కలిపి నింపుతాను. ధన్యవాదాలు.